పురికొస ముడి

పండగంటే లోకానికంతా సెలవు. కోళ్ళ కొట్టువాళ్ళకి మాత్రం ఒళ్ళు హూనం. అందులోనూ క్రిస్మస్ ముందు రోజులంటే ఇక చెప్పే పనే లేదు. తెల్లవారకముందు పొయ్యి మీదికెక్కిన వేడినీళ్ళ కాగు చీకటి పడేదాకా కిందికి దిగదు. వీధి వైపు కొట్టులో మొద్దూ, కత్తులూ, కోడిని తలకిందులుగా దూర్చే రేకు గరాటులూ ఉంటాయి. అది మొగుడి రాజ్యం. వెనక గదిలో కాగూ, ఈకలూ, పేగుల బకెట్లూ. అది కోడలి రాజ్యం. రెండు రాజ్యాలకీ మధ్య తలుపు దగ్గర ఎత్తు పీట వేసుకుని, ఇటు కోళ్ళని అటూ, అటు కేకల్ని ఇటూ చేరవేసేది అత్త. వెనక గదిని ఆనుకునే ఇల్లు. ఒక వంటిల్లు, ఒక ముందు గది, ఆ ముందు గదికో వీధి తలుపు.

ఆ రోజు కోడలు నిలబడి నిద్రపోతోంది. నిజంగానే. చంటాడిని వీపుకి కట్టుకుని, కాగులో ముంచి తీసిన కోడిని ముందు పెట్టుకుంది. చేతులు ఈకలు పీకుతూనే ఉన్నాయి, కళ్ళు మాత్రం మూతపడ్డాయి. చంటాడికి పళ్ళొస్తున్నాయి. రాత్రంతా ఏడ్చి, ఏడ్పు ఆపినప్పుడల్లా రొమ్ము కొరికి పెట్టాడు. జాకెట్టు ముందుభాగం పాలతో తడిసి, దాని మీద కోడి నెత్తురు చిమ్మి, ఏది ఏ మరకో తెలియకుండా అట్టకట్టింది.

"అమ్మా, తోలు ఊడొస్తోంది" అంది పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చున్న పెద్దపిల్ల.

కోడలు ఉలిక్కిపడి చూసుకుంది. ఈకలెప్పుడో అయిపోయాయి, వేళ్ళు తోలు పీకుతున్నాయి.

"మా తల్లే. నువ్వు లేకపోతే కోడికి ఎముకలు కూడా పీకేసేదాన్ని."

పెద్దపిల్లంటే మరీ పెద్దదేం కాదు, ఇంకా ఒక్క పాలపన్నూ ఊడని పిల్ల. కింద పడ్డవన్నీ ఏరుకుంటూ తిరుగుతుందని పిచిక అని పిలుస్తారు. దాని తర్వాతివాడు బొండాం. వాడికి మాటలు సరిగా రాలేదు, కనపడినవన్నీ నోట్లో పెట్టుకోవడం మాత్రం బాగా వచ్చు. ఇప్పుడు బల్ల కింద కూర్చుని కోడికాలు ఒకటి చీకుతున్నాడు. కడిగిందేలే అనుకుని కోడలు వదిలేసింది.

పండగకి ఎవరికీ ముక్కలు అక్కర్లేదు. ఓవెన్‌లో పెట్టుకోవడానికి అందరికీ నిండు కోడి కావాలి. నిండు కోడిని కట్టాలి, కట్టకపోతే వేడికి కాళ్ళు బారజాపుకుని ఎండిపోతుంది. కోడలు కోడిని వెల్లకిలా పడుకోబెట్టి, రెక్కల కొసలు వీపు కిందికి తోసింది. కాళ్ళు రెండూ దగ్గరికి లాగి పట్టుకుని, పురికొస తోక కింద నుంచి తెచ్చి, కాళ్ళ మీద అడ్డంగా తిప్పి, తొడల పక్క నుంచి మెడ దగ్గరికి లాగింది. అక్కడ ముడి. మామూలు ముడికి ఒక చుట్టు. ఈ ముడికి రెండు. ఒక చుట్టుదైతే రెండో ముడి వేసేలోగా జారిపోతుంది. రెండు చుట్లది వేలు తీసేసినా బిగిసిన చోటే పట్టుకుని ఉంటుంది.

పిచిక తన ముక్క పురికొసతో ఒక కోడికాలుకి అదే ముడి వేస్తోంది. నాలుక కొస బయట పెట్టి మరీ వేస్తోంది.

"దీనికి నొప్పి పెట్టదా అమ్మా?"

"చచ్చిందానికి నొప్పేంటే."

"బతికున్నదానికి కడితే?"

"బతికున్నదాన్ని ఎవరు కడతారే, నీ గోల!"

"ఊడదీయాలంటే?"

"ఇది ఊడదు. కత్తితో కొయ్యాల్సిందే."

పిచిక ముడిని రెండు చేతులా లాగి చూసి, తృప్తిగా తలాడించింది.

మూలనున్న పెద్ద బకెట్‌లో తెల్లకోళ్ళ ఈకలు సబ్బునీళ్ళలో నానుతున్నాయి. పండగ రోజు చర్చిలో పిల్లల చేత ఆడించే నాటకంలో పిచిక దేవదూత. రెక్కలు మీరే తెచ్చుకోండి అని టీచరమ్మ చెప్పి, "మీ ఇంట్లో రెక్కలకి కరువా ఏంటి" అని నవ్వింది కూడా. కోడలు పొద్దుటినుంచీ పెద్ద ఈకలు ఏరి ఆ బకెట్‌లో వేస్తోంది. నెత్తురు మరకలు పోయి, ఎండితే అట్టకి కుట్టాలి. ఎప్పుడు కుట్టాలో తెలియదు గానీ కుట్టాలి.

"పెద్ద బకెట్ ఏదే?" కొట్టులోంచి మొగుడి గొంతు వినపడింది.

కోడలి చేతిలో ముడి ఆగింది.

వీధిలో అతన్ని జోకులాయన అంటారు. కోడి మెడ తెంచుతూ కూడా కొనడానికొచ్చినవాళ్ళని నవ్విస్తాడు. ఇప్పుడూ నవ్వించాడు. "ఒక్క క్షణం ఆగండి, లోపల ఒక కోడి చెప్పిన మాట వినడం లేదు" అన్నాడు. బయట నలుగురూ నవ్వుతుండగా లోపలికొచ్చి బకెట్‌లోకి చూశాడు.

"ఏంటిది?"

"పిచిక రెక్కలకండీ... నాటకంలో..."

"బయట జనం చెయ్యి చాపుకుని నిలబడి ఉంటే నువ్విక్కడ ఈకలకి స్నానాలు చేయిస్తున్నావా?"

అరవలేదు. అతను అరిచినప్పుడు భయం లేదు. పనిలో ఉన్నంతసేపూ మోచేతి దాకా తోసుకునే వాచీని మెల్లిగా మణికట్టు దగ్గరికి లాక్కున్నాడు. స్టీలు పట్టా కొక్కెం విప్పాడు. వంటింటి గడప లోపలికి చెయ్యి చాపి, అక్కడి గోడ అలమరలో ఉప్పు డబ్బా పక్కన, అద్దం పైకి ఉండేలా పెట్టాడు. పాత వాచీ, వాళ్ళ నాన్నది.

వాచీ అలమర చేరేలోపే పిచిక బకెట్ దిగి బల్ల కిందికి దూరింది. బొండాం నోట్లో కోడికాలు అలాగే ఉంచి, వాడి తల ఒళ్ళోకి లాక్కుని, వాడి చెవులు రెండూ మూసింది. మధ్య తలుపు దగ్గర అత్త పీట దిగింది. తలుపు దగ్గరికి వేసింది. గడియ పెట్టింది. పెట్టి, తలుపుకి వీపు ఆనించి భక్తిపాట ఎత్తుకుంది. అత్తకి ముందు పళ్ళు రెండు లేవు. పాట ఆ సందులోంచి ఈలలా వస్తుంది. పండగ రోజులు గనుక బయటివాళ్ళకి అదో ముచ్చట.

మొదటి దెబ్బ చెవి మీద పడింది. కోడలు గోడకి ఆనుకోలేదు. వీపున చంటాడున్నాడు, ఆనుకుంటే నలుగుతాడు. అందుకని నిలబడే తింది. రెండోది దవడ మీద, మూడోది ఎక్కడో చూసుకోలేదు. తర్వాత అతను జుట్టు పిడికిట పట్టి ఆమె ముఖాన్ని కాగు మీదికి వంచాడు. ఆవిరి కళ్ళలోకి, ముక్కులోకి దూరింది. తడి ఈకల కంపు. కింద నీళ్ళు బుడగలు పొంగుతున్నాయి. వీపు మీద చంటాడు కెవ్వుమన్నాడు.

"ఇందులో ముంచానంటే నీ ఈకలూ ఊడతాయి. తెలుసా?"

"తెలుసండీ."

"ఏం తెలుసు?"

"ఊడతాయండీ."

వదిలేశాడు. బకెట్ ఎత్తి ఈకలు, నీళ్ళు కలిపి తూములోకి కుమ్మరించాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, వాచీ పెట్టుకుని, కొక్కెం వేసుకున్నాడు. అత్త పాట ఆపి గడియ తీసింది. "కోడి దొరికిందండోయ్!" అన్నాడు అతను బయటికెళుతూనే. మళ్ళీ నవ్వులు.

అత్త చన్నీళ్ళలో ముంచిన గుడ్డ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. ముఖంలోకి చూడలేదు. ఎప్పుడూ చూడదు.

"నోరెత్తకుండా ఉండాల్సింది."

"ఎత్తలేదత్తయ్యా."

"అదేలే. ఎత్తినా అంతే, ఎత్తకపోయినా అంతే. అద్దుకో. ఇంకా నాలుగు కోళ్ళు కట్టాలి."

కోడలు తూము దగ్గర కూలబడి, జాలీకి అంటుకున్న ఈకలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. కిందటి క్రిస్మస్‌కి అతను ఆమెని క్రిస్మస్ చెట్టు మీదికే విసిరాడు. పిచిక ఇప్పటికీ చెట్టంటే దూరంగా నిలబడి చూస్తుంది. ఈసారి అలా కాకూడదు. కొత్త బట్టలు లేకపోయినా సరే, కేకు మాడినా సరే.

"దేవుడా, పండగ ఒక్క రోజు ఆ వాచీ చేతి మీదే ఉంటే చాలు. మిగతాది నేను పడతాను" అంది పైకే, ఎవరూ లేరనుకుని.

బల్ల కింద పిచిక ఉంది.

*

పండగ ముందు రోజు పక్కనున్న బేకరీ అక్క తన ఓవెన్‌లోకి కోళ్ళు తీసుకెళ్ళడానికి వచ్చింది. మనిషి రొట్టెలాగే ఉంటుంది, నోరు మాత్రం ఓవెన్. గంపలోకి కోళ్ళు సర్దుకుంటూ కోడలి దవడ చూసింది. చూసి, గంపలోకే చూస్తూ అడిగింది.

"మళ్ళీ తలుపు తగిలిందా?"

"చీకట్లో చూసుకోలేదక్కా."

"మీ ఇంట్లో తలుపులకి చేతులున్నట్టున్నాయే."

"నీ రొట్టెలు మాడతాయి వెళ్ళు" అంది అత్త పీట మీది నుంచి.

"నా రొట్టెలు మాడితే వాసన వస్తుంది పెద్దమ్మా. మీ ఇంట్లోవి మాడితే పాటలొస్తాయి."

అత్త ముఖం తిప్పుకుని, లేని ఈకని చీర మీంచి దులుపుకుంది.

ఈకలు దొరికినన్ని దొరికాయి. కోడలు చంటాడికి పాలిస్తూ, ఒక చేత్తో సూదితో అట్టకి కుట్టింది. కుట్టగా కుట్టగా రెండు రెక్కలయ్యాయి. ఒకటి కాస్త పొట్టిది. దేవదూతకి అదో లెక్కా అనుకుని, ముందు గదిలో కుర్చీ మీద ఆరబెట్టి, పండగ కేకుకి పిండి కలుపుదామని వంటింట్లోకి వెళ్ళింది. గుడ్డు పగలగొడుతుండగా ముందు గదిలోంచి పిచిక గొంతు వినిపించింది. గొంతు దానిదే, మాట తీరు కాదు.

"ఏంటిది? ఏంటిది అంటున్నానా?"

తొంగి చూసింది. బొండాం కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు, నోట్లో ఒక తెల్ల ఈక. పొట్టి రెక్క ఇంకా పొట్టిదైంది. పిచిక తొందరపడలేదు. చేతికి వేసుకున్న రబ్బరు బ్యాండు మెల్లిగా లాగి తీసింది. కిటికీ గట్టు మీద పెట్టింది. అది దొర్లకుండా వేలితో సరిచేసింది. అప్పుడు వెనక్కి తిరిగి తమ్ముడి నోటి మీద ఒక్కటిచ్చింది. వాడు వెల్లకిలా పడ్డాడు. వాడి మీద కూర్చుని రెండోది, మూడోది. పెదవి చిట్లి ఈకకి ఎర్రగా అంటింది. కొడుతూనే పిచిక సన్నగా, ఈలలా, పాట పాడుతోంది.

కోడలికి ఆ తర్వాత తనేం చేసిందో సరిగా తెలియలేదు. నిద్ర లేదు, ఒళ్ళంతా పుండు, చంకలో చంటాడు ఏడుస్తున్నాడు. వాడిని చాప మీద పడేసినట్టే పెట్టింది. పిచికని జబ్బ పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకొచ్చింది. "వాడు పసివాడే! పసివాణ్ణి కొడతావా! కొడతావా!" అంటూ ఒకటి వేసింది, ఇంకోటి వేసింది. పిచిక ఏడవలేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, గోడ వైపు తిరిగింది. ఎలా ముడుచుకుంటే తక్కువ తగులుతుందో తెలిసినట్టు తిరిగింది.

మూడో దెబ్బకి ఎత్తిన చెయ్యి తేలిగ్గా ఉంది. గలగలమనలేదు. కోడలు చేతి వైపు చూసుకుంది. గాజులు లేవు. అలమర వైపు చూసింది. ఉప్పు డబ్బా పక్కన, అతను వాచీ పెట్టే చోట, తన గాజులు రెండూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఎప్పుడు తీసిందో, ఎప్పుడు అంత జాగ్రత్తగా పేర్చిందో ఆమెకి గుర్తు లేదు.

చెయ్యి దింపి అక్కడే నేల మీద కూర్చుంది. బొండాం పాక్కుంటూ వచ్చి ఆమె ఒళ్ళో నెత్తుటి మూతి తుడుచుకున్నాడు. పిచిక మాత్రం గోడ వైపే తిరిగి ఉంది.

"పిచికా."

"అయిపోయిందా?" అని అడిగింది పిల్ల, అటు తిరిగే.

*

క్రిస్మస్ రోజు పొద్దున చర్చి కిటకిటలాడింది. పిచిక కొత్త తెల్ల గౌను, ఒకటి పొడుగు ఒకటి పొట్టి రెక్కలతో ఎత్తు బల్ల మీద నిలబడింది. చెంప మీద వేళ్ళ గుర్తులు పౌడరు కిందినుంచి ఎర్రగా కనిపిస్తూనే ఉన్నాయి. కోడలు తన కుడి చేతిని కొంగు కింద దాచుకుని కూర్చుంది. అవి ఎవరి వేళ్ళో జనానికి తెలియదు, ఆ చేతికి తెలుసు.

పిచికకి ఉన్నది ఒకే మాట. గొర్రెలకాపర్ల వేషం వేసిన పిల్లలు దడుచుకున్నట్టు కింద పడగానే "భయపడొద్దు" అనాలి. పిల్లలు పడ్డారు. పిచిక జనంలో తండ్రి ఎక్కడున్నాడో వెతికింది. అతని చేతి వైపు చూసింది. వాచీ ఉంది. అప్పుడు గట్టిగా, గోడలు మోగేలా, "భయపడొద్దు!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

అతనికి పట్టలేనంత సంతోషం. నాటకం అవగానే పిల్లని భుజాల మీదికెక్కించుకున్నాడు. "చూశారా, కోళ్ళ కొట్టు దేవదూత! ఇంటికి తెచ్చి ఇవ్వడం కూడా ఉందండోయ్" అని దారి పొడుగునా నవ్వించాడు. రెక్కల ఈకలు అతని ముఖానికి తగిలి తుమ్ములొస్తే దానికీ నవ్వాడు. ఇంటికొచ్చాక కేకు బాగుందన్నాడు. అడుగు మాడిందని కోడలికి తెలుసు. అన్నం తిని, ఎప్పుడూ కూర్చునే చేతుల కుర్చీలో వెనక్కి వాలి, ఎడమ చెయ్యి కుర్చీ చేతి మీద వేలాడేసి, నోరు తెరిచి నిద్రపోయాడు. వారమంతా కోళ్ళ మెడలు కోసిన ఒళ్ళు. పక్కన బాంబు పడినా లేవడు.

చంటాడు కూడా పడుకున్నాడు. కోడలు గోడకి చేరగిలబడింది. కళ్ళు మూసుకుపోతున్నాయి. సగం రోజు గడిచింది, వాచీ చేతి మీదే ఉంది, దేవుడా ఇంకో సగం అనుకుంటూనే నిద్రలోకి జారింది.

ఆమె లేచేసరికి వీధి తలుపు దగ్గర డప్పు, పాట. ఇంటింటికీ తిరిగే పాటలవాళ్ళు వచ్చారు. ముందు పాస్టరుగారు, వెనక ఓ పదిమంది, అందరి వెనకా బేకరీ అక్క. అత్త తలుపు బార్లా తీసింది. గదంతా నిండిపోయింది. కోడలు జుట్టు సవరించుకుంటూ టీకి నీళ్ళు పెట్టడానికి లేవబోయింది. అప్పుడే కుర్చీలో అతను గావుకేక పెట్టాడు.

"నా చెయ్యి! నా చెయ్యేమైందిరా!"

పాట ఆగిపోయింది. అతను ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, అది తనది కానట్టు చూస్తున్నాడు. వేళ్ళు ఉబ్బి నీలం తిరిగాయి. మణికట్టు మీద వాచీ ఉంది. వాచీ మీద పురికొస. పట్టా మీదుగా, అద్దం పక్కల నుంచి, బొటనవేలి సందులోంచి, మళ్ళీ మణికట్టు చుట్టూ, కోడిని కట్టినట్టే కట్టి ఉంది. పైన ముడి. రెండు చుట్లది.

"ఎవరు? ఎవరు చేశారిది?"

పిచిక కుర్చీ పక్కనే ఉంది, రెక్కలింకా విప్పలేదు. మిగిలిన పురికొస ఉండ చేతిలో ఉంది.

"నేనే నాన్నా."

వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. అతనూ నవ్వబోయాడు. "చూశారా దీని పని! తండ్రిని కోడిని చేసింది! ఎందుకే?"

"వాచీ ఊడకుండా" అంది పిచిక. పొద్దున చర్చిలో అన్నంత గట్టిగానే అంది. "వాచీ తీస్తే నువ్వు అమ్మని కొడతావుగా. ఈరోజు ఒక్కరోజు తీయకు నాన్నా. రేపు కోసేస్తాను."

డప్పువాడు డప్పు వైపు చూసుకున్నాడు. పాస్టరుగారు గొంతు సవరించుకుని, పిల్లలు దేవుడితో సమానమనో ఏదో అని, ఏం చేయాలో తోచక మళ్ళీ పాట ఎత్తుకున్నారు. మిగిలినవాళ్ళు అందుకున్నారు, ఇందాకటి కంటే గట్టిగా. కోడలు ఆ పాట విని అత్త వైపు చూసింది. అత్త కూడా ఆ పాటే వింటోంది. నోరు కొద్దిగా తెరిచి, పళ్ళ సందు కనిపించేలా, ఎవరో తన పాట తీసుకెళ్ళి పాడుతున్నట్టు వింటోంది.

టీ తాగకుండానే అందరూ బయటపడ్డారు. ఆఖరి మనిషి గడప దాటగానే అతను అన్నాడు, అరవకుండా.

"అమ్మా, తలుపెయ్యి."

అత్త తలుపు దగ్గరికి నడిచింది. ఆ నడక కోడలికి కొత్త కాదు. అతను కోడల్ని ముందుకు తోసుకుంటూ వంటింట్లోకెళ్ళి చిన్న కత్తి తీసుకున్నాడు. తాడు కిందికి కత్తి దూరనంత బిగిసి ఉంది. విసురుగా తోశాడు, పురికొసతో పాటు మణికట్టు తోలు కూడా తెగింది. నెత్తురు వేళ్ళ మీదుగా కారింది. వాచీ విప్పి, అలమరలో, ఉప్పు డబ్బా పక్కన, అద్దం పైకి పెట్టాడు. అద్దం మీద నెత్తుటి చుక్క పడితే చొక్కాతో తుడిచాడు.

"నువ్వే నేర్పావు. నలుగురిలో నా పరువు తీయడానికి దానికి నేర్పావు."

"లేదండీ, నాకు తెలియ..."

మాట పూర్తి కాలేదు. పిడికిలి నోటి మీద పడింది. ఈసారి వీపున చంటాడు లేడు, కోడలు గోడకి వెళ్ళి కొట్టుకుంది. తల మోగింది. జారి కూర్చోబోతే మెడ పట్టి లేపి మళ్ళీ గోడకేసి కొట్టాడు. నోట్లో ఉప్పగా నిండింది. పెదవి మీంచి విరిగిన పన్ను ముక్క ఒకటి జారి గౌను మీద పడింది. ఎవరి గౌను? కోడలు కిందికి చూసింది. పిచిక. బల్ల కిందికి వెళ్ళలేదు. తండ్రి కాలిని రెండు చేతులతో వాటేసుకుని, పురికొస అతని చీలమండ చుట్టూ తిప్పుతోంది. ఒక చుట్టు. రెండు చుట్లు. అతను కాలు విదిలించాడు. పిల్ల వెళ్ళి వంటింటి బల్ల కోడుకి తగిలింది. పొడుగు రెక్క విరిగి ఈకలు గదంతా లేచాయి.

ఆ ఈకలు కిందికి దిగుతుండగా కోడలికి ఒక సంగతి తట్టింది. పాట లేదు.

అతనికీ తట్టింది. వెనక్కి తిరిగాడు. ముందు గదిలో అత్త తలుపు పక్కన నిలబడి ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. రెండు రెక్కలూ గోడకి ఆనేదాకా తెరిచి ఉంది. వాకిట్లో వెలుగు, వెలుగులో వీధి, వీధిలో పాటలవాళ్ళు. పక్కింటి గుమ్మం ముందు ఆగి, డప్పు దింపి, అందరూ ఇటే చూస్తున్నారు.

"అమ్మా! తలుపేమైంది?"

అతను గబగబా చొక్కా సర్దుకున్నాడు. ముఖానికి నవ్వు పులుముకున్నాడు. గుమ్మం దాటి మెట్టు మీద నిలబడి, నెత్తుటి చెయ్యి వెనక దాచుకుని అన్నాడు. "ఏం లేదండీ, ఏం లేదు! పిల్లలు క్రిస్మస్ చెట్టు మీద పడ్డారు. గోల గోల. మీరు కానివ్వండి, పాడండి!"

"మీ ఇంట్లో చెట్లకి కూడా చేతులున్నాయా?" అంది బేకరీ అక్క, వీధి మొత్తానికీ వినపడేలా.

అతను ఏదో జోకు వేయబోయాడు. అతని వెనక వీధి తలుపు మూసుకుంది. గడియ పడింది. ఆ గడియ చప్పుడు కోడలికి ఏళ్ళ తరబడి తెలుసు. గడియకి ఇవతల అతను లేకుండా ఎప్పుడూ వినలేదు.

"అమ్మా" అన్నాడు అతను బయటినుంచి, తలుపు చెక్క మీద వేలితో తట్టి. బాదలేదు. "తలుపు తియ్యి. అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"చలిగా ఉందమ్మా."

"కొట్టు తాళం నీ జేబులోనే ఉంది, మధ్య తలుపుకి మాత్రం ఇటు గడియ పెట్టే ఉంది. కోళ్ళతో పడుకో. ఇల్లు నా పేరు మీద ఉంది, నా ఇంట్లోకి నేను పిలిచేదాకా అడుగు పెట్టావంటే ఆ వీధంతా నిలబెట్టి ఈ కథంతా నేనే చెబుతాను. నాకు నోరుంది. ఇన్నాళ్ళూ పాటలకే వాడాను."

అత్త వంటింట్లోకి వచ్చింది. అలమరలోంచి వాచీ తీసింది. ముందు గదిలోకి వెళ్ళి కిటికీ ఊచల సందులోంచి బయటికి చాపింది.

"ఇదుగో, ఇదీ తీసుకో. మీ నాన్న ఒకసారి దీని అద్దం నా పళ్ళ మీద పగలగొట్టాడు. అద్దానికి అయిందని ఏడ్చాడు. తర్వాతనుంచీ తీసి పక్కన పెట్టి కొట్టేవాడు. నువ్వు ఇలాగే బల్ల కింద కూర్చుని చూసేవాడివిరా. నువ్వు చూస్తున్నావని తెలిసీ నేను పాట పాడాను."

వాచీ అత్త చేతిలోంచి పోయింది. ఎవరు తీసుకున్నారో, కింద పడిందో, చూడకుండానే కిటికీ వేసేసింది. కాసేపటికి మెట్ల మీద అడుగులు, తర్వాత కొట్టు తలుపు తాళం చప్పుడు. పక్కింట్లో పాట మొదలవలేదు.

అత్త వంటింట్లోకి తిరిగొచ్చి, మొదటిసారి కోడలి ముఖంలోకి చూసింది. పన్ను విరిగిన చోటు చూసింది. తన పళ్ళ సందు మీద నాలుక పెట్టుకుని, పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

పిచిక బల్ల కోడు దగ్గరే కూర్చుని ఉంది. మోచెయ్యి గీరుకుపోయింది. ఒళ్ళో పురికొస ఉండ, చుట్టూ ఈకలు. బొండాం ఒక ఈక ఏరుకుని నోట్లో పెట్టుకున్నాడు. చంటాడు లేచి ఏడుపు లంకించుకున్నాడు. పిల్లకి దెబ్బ కడగాలి, చంటాడికి పాలివ్వాలి, బొండాం నోట్లోంచి ఈక లాగాలి. ఎన్ని తలకిందులైనా ఆ పనులు మాత్రం ఎదురుగా నిలబడే ఉన్నాయి. కోడలు గోడ పట్టుకుని లేచింది. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచబోయింది. ముంచేముందు అలవాటుగా గాజులు రెండూ లాగి, అలమరలో పెట్టబోయింది.

వెనక సర్రున చప్పుడు. తిరిగి చూస్తే పిచిక బల్ల కిందికి దూరింది. బొండాన్ని ఒళ్ళోకి లాక్కుని, వాడి చెవులు రెండూ మూసింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. చెంప మీద నిన్నటి వేళ్ళు ఇంకా ఉన్నాయి.

కోడలు చేతిలో గాజులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తలుపుకి గడియ పడింది. అతను బయట ఉన్నాడు. ఇంట్లో మిగిలిన చెయ్యి ఇది ఒక్కటే.

మెల్లిగా గాజులు మళ్ళీ తొడుక్కుంది. బల్ల దగ్గరికి వెళ్ళి నేల మీద కూర్చుంది. కుడి చెయ్యి బల్ల కిందికి చాపింది.

"పిచికా, నావీ కట్టు."

పిల్ల ఒక కన్ను తెరిచింది.

"ఊడకుండా కట్టు. రెండు చుట్లు."

చాలాసేపు ఆ చెయ్యి వైపు, తర్వాత తల్లి ముఖం వైపు చూసింది పిచిక. బొండాం చెవుల మీంచి చేతులు తీసింది. పురికొస కొస వెతికి పట్టుకుంది. గాజుల మీంచి ఒక చుట్టు, కింద నుంచి ఒకటి, బొటనవేలి సందులోంచి ఇంకొకటి. నాలుక కొస బయట పెట్టి, ఊపిరి బిగబట్టి, ముడి దగ్గరికి వచ్చింది.

"నొప్పి పెడితే చెప్పు" అంది.

"చెబుతాలే" అంది తల్లి.

పిచిక రెండు చేతులా లాగి బిగించింది.